వరుస తేల్చు తర్క ప్రశ్నలు: ఉద్యోగ పరీక్షలకు పోవు మన పిల్లల కొక పాఠము

పన్నుల వసూలు, మంచినీటి సరఫరా, వీధి దీపములు మున్నగు విషయములను గూర్చి చదువుటకు అలవాటుపడిన పంచాయతీ సభ్యులకు, ఉద్యోగ పరీక్షలలో అడుగు చిక్కు ప్రశ్నలను గూర్చిన పాఠము కొంత వింతగా తోచవచ్చును. కాని పట్టము పుచ్చుకొని, ఏదో యొక పరీక్షకు దరఖాస్తు పెట్టుకొని, ఫలితమునకై ఎదురుచూచు యువతీయువకులు లేని గ్రామము నేడు కలదా? వారి తలిదండ్రులు సభ్యులను కలిసినప్పుడు, “మా పిల్లకు లెక్కలు వచ్చును, చదువు వచ్చును, అయినను పరీక్ష గట్టెక్కుట లేదు, కారణమేమి?” అని అడుగుచునే యున్నారు. ఆ కారణములలో ఒకదానిని, సులభముగా చక్కదిద్దుకొనుటకు వీలైనదానిని, ఇచ్చట వివరింతును.

గ్రామీణ బ్యాంకుల పరీక్షనే తీసికొందము. 1975లో ఆరంభమైన ఈ బ్యాంకులలోని ఉద్యోగములకు జరుపు పరీక్షను తెలుగులో వ్రాయు సదుపాయము 2019లో కలిగినది. ఇంగ్లీషు చాలదను భయము ఆ మేరకు తొలగినది. కాని కాలము మాత్రము ఎవరిమీదను కనికరము చూపదు. 2024లో ఆఫీసు అసిస్టెంటు పదవులకు జరిగిన ప్రాథమిక పరీక్షలో 45 నిమిషములకు 80 ప్రశ్నలు. అందు 40 లెక్కలు, 40 తర్కము. అనగా ఒక్కొక్క ప్రశ్నకు 34 సెకనులు గూడ రావు. తర్కపు భాగములో ఎవరు ఎవరి ప్రక్కన కూర్చుండిరి, ఏ పని ముందు, ఏ పని వెనుక అని వరుస తేల్చవలసిన ప్రశ్నలకు పెద్ద పీట వేయుదురు. ఇవి విడివిడిగా గాక గుంపులుగా వచ్చును. ఒక వృత్తాంతము నిచ్చి, కొన్ని షరతులు చెప్పి, వాని క్రింద అయిదు వరకు ప్రశ్నలు అడుగుదురు. అయిదు ప్రశ్నల గుంపునకు న్యాయముగా వచ్చు కాలము మూడు నిమిషములకు లోపే.

ఒక గ్రామములోని పఠన మందిరమున సాయంకాలము కొందరు పిల్లలు ఇట్టి ప్రశ్నలతో కుస్తీ పట్టుచుండగా చూచు అవకాశము నాకు కలిగినది. వారిలో ఒక అమ్మాయి ఇచ్చిన జవాబులన్నియు సరియైనవే. కాని ఒక్క గుంపునకు ఆమెకు పదకొండు నిమిషములు పట్టినది. ఆమె చిత్తు కాగితము అడిగి చూచితిని. అదే బొమ్మ అయిదుమార్లు వేసియుండెను, ప్రశ్న కొకమారు చొప్పున. తెలివి కొరత ఎంత మాత్రమును లేదు. కొరత యల్లా పద్ధతికే. ప్రశ్నలు చదువక మునుపే షరతులన్నిటిని ఒకే బొమ్మలోనికి దింపి, ఆ బొమ్మ నుండియే అన్ని జవాబులను తీయవలెనని ఆమెకు ఎవరును చెప్పలేదు. ఈ పాఠములోని ముఖ్యాంశ మిదియే. తక్కినదంతయు ఆ బొమ్మను త్వరగా వేయు ఉపాయమే.

సభ్యులకు పరిచయమైన విషయముతోనే ఒక ఉదాహరణ చూతము. ఒక పంచాయతీ ఏడు వారములలో ఏడు పనులు, వారమున కొకటి చొప్పున, చేయింపదలచినది. ఆ పనులు: రోడ్డు, మురుగుకాలువ, బావి పూడికతీత, బడి మరమ్మతు, చెరువు గట్టు, వీధి దీపములు, గ్రంథాలయము. షరతులు ఇవి:

1. గ్రంథాలయపు పని మొదటి వారమున గాని చివరి వారమున గాని జరుగదు.
2. మురుగుకాలువ పని ముగిసిన మరుసటి వారమే రోడ్డు పని.
3. చెరువు పని బడి పనికి ముందు జరుగును. ఆ రెంటి నడుమ సరిగా రెండు పనులు కలవు.
4. నాలుగవ వారము వీధి దీపములది.
5. బావి పని చిట్టచివరిది కాదు.

రెండవ షరతు ప్రశ్నకై కల్పించినదే యైనను అందు లోకానుభవము లేకపోలేదు. రోడ్డు వేసిన నెలలోనే కాలువకై దానిని త్రవ్విన గ్రామములు సభ్యులు ఎరుగనివి కావు.

షరతులు లేనిచో ఈ ఏడు పనులను 5,040 విధములుగా వరుస పెట్టవచ్చును. వానిని ఒక్కొక్కటిగా ప్రయత్నించుచు కూర్చున్నవాడు సాయంత్రమునకు గూడ లేవడు. కనుక మొదట కాగితముపై 1 నుండి 7 వరకు అంకెలు వేసి, వాని క్రింద గళ్లు గీయవలెను. పనుల పేర్లను పూర్తిగా వ్రాయ నక్కరలేదు, ఒక్కొక్క అక్షరము చాలును. అయితే బావికిని బడికిని మొదటి అక్షరము ‘బ’యే గనుక, ఒకదానికి ‘వి’ అనియు, రెండవదానికి ‘డి’ అనియు గుర్తు పెట్టుకొనుట మేలు. ఇది చిన్న విషయమే. కాని తొందరలో ఈ పొరపాటు వలననే గుంపులోని మార్కులన్నియు పోగొట్టుకొనిన వారు కలరు.

ఇప్పుడు ఏ షరతుతో మొదలు పెట్టవలెను? పెక్కుమంది ఒకటవ షరతు నుండి వరుసగా పోవుదురు. ప్రశ్న కూర్చినవారు కోరునది అదియే. వారు గట్టి షరతును తెలిసియే క్రిందికి తోయుదురు. షరతులన్నిటిని ఒకమారు చదివి, ఖాయమైన చోటు చెప్పుదానిని ముందు పట్టుకొనవలెను. ఇచ్చట అది నాలుగవది. నాలుగవ గడిలో దీపములను వ్రాసివేయుడు.

పిదప రెండు పనులను కలిపి కట్టు షరతులను చూడవలెను. అట్టివి ఇచ్చట రెండు కలవు, రెండవదియు మూడవదియు. వీనిలో ఏది ముందు? ఏది తక్కువ చోట్ల ఇముడునో అది ముందు. మురుగుకాలువ, రోడ్డు జంటగా 1-2, 2-3, 5-6, 6-7 అను నాలుగు చోట్ల ఇముడును. చెరువు, బడి మాట చూతము. నడుమ రెండు పనులున్నవనగా వాని స్థానముల తేడా మూడు. కావున 1-4, 2-5, 3-6, 4-7 అను నాలుగు వీలులు. కాని నాలుగవ గడి దీపములది గనుక మొదటిదియు చివరిదియు పోయినవి. మిగిలినవి 2-5, 3-6 మాత్రమే. నాలుగు దారులకంటె రెండు దారులు మేలు గదా! కనుక మూడవ షరతుతో రెండు వరుసలు గీయవలెను.

మొదటి వరుసలో చెరువు 2, బడి 5. అప్పుడు మురుగుకాలువకును రోడ్డుకును ప్రక్కప్రక్కగా ఖాళీ గళ్లు 6, 7 మాత్రమే. మిగిలిన గళ్లు 1, 3. మిగిలిన పనులు బావి, గ్రంథాలయము. గ్రంథాలయము మొదటిది కారాదు గనుక అది 3, బావి 1. రెండవ వరుసలో చెరువు 3, బడి 6. జంటకు చోటు 1, 2 లో మాత్రమే. మిగిలినవి 5, 7. గ్రంథాలయము చివరిది కారాదు గనుక అది 5, బావి 7. రెండు వరుసలును ఇట్లు తేలినవి:

మొదటిది: బావి, చెరువు, గ్రంథాలయము, దీపములు, బడి, మురుగుకాలువ, రోడ్డు.
రెండవది: మురుగుకాలువ, రోడ్డు, చెరువు, దీపములు, గ్రంథాలయము, బడి, బావి.

5,040 వరుసలు నాలుగు షరతులతో రెండుకు దిగినవి. అయిదవ షరతు మేరకు బావి చివరిది కారాదు గనుక రెండవ వరుస కొట్టివేయబడినది. మిగిలిన దొక్కటే. ఇక ప్రశ్నలు ఎన్ని యున్నను, చూచి చెప్పుటయే. అలవాటైనవారికి ఇదంతయు రెండు నిమిషముల పని. తరువాత ఒక్కొక్క ప్రశ్నకు పది సెకనులు చాలును.

ఆశించినట్లు కాక, అయిదవ షరతు ఇయ్యలేదనుకొందము. కొన్ని పరీక్షలలో రెండు మూడు వరుసలు మిగులునట్లే వృత్తాంతము కూర్చుదురు. అప్పుడు తన లెక్క తప్పెనని కంగారుపడి, బొమ్మ చెరిపి, మరల మొదలుపెట్టువారు కలరు. అట్లు చేయరాదు. రెండు వరుసలను అట్లే యుంచి ప్రశ్న స్వరూపమును చూడవలెను. “తప్పక నిజమైనది ఏది?” అని యడిగినచో రెండు వరుసలలోను నిజమైనదే జవాబు. మన ఉదాహరణలో చెరువునకును బడికిని నడుమ నున్నవి రెండు వరుసలలోను దీపములు, గ్రంథాలయమే. వరుస పూర్తిగా తేలకున్నను ఈ జవాబు తేలినది. “నిజము కాగలది ఏది?” అని యడిగినచో ఏ యొక్క వరుసలో ఉన్నను చాలును. “దీపముల కంటె రోడ్డు ముందు జరిగినచో చివరి పని యేది?” అని యడిగినచో రెండవ వరుసను మాత్రము చూచి బావి యని చెప్పవచ్చును. ‘తప్పక’, ‘కాగలదు’ అను మాటల భేదమును గమనింపక పోవుటచే, బొమ్మ సరిగా వేసిన వారు గూడ మార్కులు పోగొట్టుకొనుచున్నారు.

“ఈ క్రింది వానిలో ఏ వరుస షరతులకు సరిపోవును?” అని వరుసలనే జవాబులుగా ఇచ్చు ప్రశ్న ఒకటి కలదు. దీనికి బొమ్మయే అక్కరలేదు. అయితే ఒక్కొక్క జవాబును తీసికొని షరతులన్నిటితోను పోల్చుట శ్రమ. తిరుగవేసి చేయవలెను. ఒక్క షరతును పట్టుకొని జవాబులన్నిటిమీద కన్ను పరుగెత్తించి, అది తప్పిన వానిని కొట్టివేయవలెను. దీపములు నాలుగవ చోట లేనివి ఒక్క చూపుతో పోవును. మురుగుకాలువ వెంటనే రోడ్డు లేనివి రెండవ చూపుతో పోవును. చివరకు నిలిచినదే జవాబు.

మాటల వద్ద పడు చిక్కు

మన పిల్లలకు తర్కము కంటె మాటలే ఎక్కువ చిక్కు కలిగించుచున్నవని నా యభిప్రాయము. “కాలువకు తరువాత రోడ్డు” అనుట వేరు, “కాలువ వెంటనే రోడ్డు” అనుట వేరు. మొదటి దానిలో నడుమ ఎన్ని పనులైనను ఉండవచ్చును. మాటలాడునప్పుడు మనము ఈ భేదము పాటింపము. పరీక్షలో పాటింపక తప్పదు. నేను చదువుకొను దినములలో ‘వెంటనే’ అను ఒక్క మాట చూడక ఒక గుంపు ప్రశ్నలన్నియు తప్పుగా వ్రాసి వచ్చిన వాడనే.

ఇంకొక చిక్కు మన లెక్క అలవాటులోనే కలదు. పురుటి పదునొకండవ నాడు అన్నప్పుడు పుట్టిన దినమును గూడ లెక్కలోనికి తీసికొందుము. ఆదివారము మొదలు మూడవనాడు అన్నచో మనవారి నోట మంగళవారమే. కాని ప్రశ్నలో “ఆదివారమునకు మూడు దినముల తరువాత” అన్నచో అది బుధవారము. అట్లే “చెరువునకు మూడవ స్థానమున బడి” అన్నప్పుడు చెరువును లెక్కింపక దాని తరువాతి గడి నుండి ఒకటి, రెండు, మూడు అని లెక్కించవలెను. “నడుమ ముగ్గురు” అన్నచో తేడా నాలుగు. పెద్దలు బోధించిన లెక్క తప్పని నేను చెప్పుట లేదు. రెండు లెక్కలు కలవనియు, పరీక్షలో ఏది వాడుదురో ముందు ఎరిగి యుండవలెననియు మాత్రమే చెప్పుచున్నాను.

ఈ కారణముననే వరుసలోని స్థానముల ప్రశ్నలలో ఒకటి ఎక్కువగా లెక్కించుట జరుగును. ఒక వరుసలో ఒకరు ఎడమ నుండి 12వ వారు, కుడి నుండి 19వ వారు అయినచో ఆ వరుసలో ఎందరు? 31 అని వెంటనే నోటికి వచ్చును. ఆ మనిషిని రెండుమారులు లెక్కించితిమి గనుక ఒకటి తగ్గించి 30 అనవలెను.

గుండ్రని బల్ల చుట్టు కూర్చుండువారి ప్రశ్నలు రచ్చబండ చుట్టు కూర్చున్న పంచాయతీని తలపించును. వీనిలో మొదలు చివర లుండవు గనుక మొదటి వ్యక్తిని ఇష్టమైన చోట కూర్చుండబెట్టి మొదలిడవచ్చును. ఎనిమిది మంది యున్నచో ఎదుటివాడు నాలుగవ స్థానమున ఉండును. అందరును నడిమికి ముఖము పెట్టి కూర్చున్నచో ఒకని కుడిచేయి వైపు పోవుట గడియారపు ముల్లునకు ఎదురు దిశ. బయటకు ముఖము పెట్టినచో ముల్లు తిరుగు దిశ. ఇది కంఠస్థము చేయుట కంటె, నలుగురు నిజముగా గుండ్రముగా కూర్చుండి చేయి చాచి చూచుకొనుట మేలు.

వదలివేయుటయు ఒక విద్యయే

గుంపు ప్రశ్న కనబడగానే దానిమీద పడరాదు. షరతులు చదువుటకు అర నిమిషము కేటాయించి, ఖాయమైన చోటు చెప్పు షరతు గాని, ఇద్దరిని గట్టిగా కట్టు షరతు గాని కలదా యని చూడవలెను. అన్నియు ‘లేదు, కాదు’ అను షరతులే యున్నచో, లేక మొదటి అడుగులోనే నాలుగైదు వరుసలు గీయవలసి వచ్చినచో, దానిని ప్రక్కకు పెట్టి ముందుకు పోయి, సమయము మిగిలినచో తిరిగి రావలెను. పట్టుదల గల పిల్లలకు ఇది చెప్పుట కష్టము. మొదలుపెట్టిన దానిని వదలుట వారికి అవమానముగా తోచును. కాని ఒక్క మొండి గుంపుపై పది నిమిషములు పోసినవారు దాని వెనుకనున్న పదునైదు సులభమైన ప్రశ్నలను చూడకయే లేచి వచ్చెదరు.

ఊహించి జవాబు గుర్తించుట మంచిదా యని గూడ అడుగుచుందురు. ఆ బ్యాంకు పరీక్షలో ప్రతి ప్రశ్నకు అయిదు జవాబు లిత్తురు, తప్పునకు పావు మార్కు కోయుదురు. ఏమియు తెలియక గుడ్డిగా గుర్తించినచో, అయిదు మార్లలో ఒకమారు తగిలి ఒక మార్కు వచ్చును, నాలుగు మార్లు తప్పి ఒక మార్కు పోవును. లాభమును లేదు, నష్టమును లేదు, కాలము మాత్రము వ్యయము. కాని బొమ్మ సగము వేసి యుండి, రెండు జవాబులు కావని ఖాయముగా తెలిసినచో కథ మారును. మిగిలిన మూడింటిలో ఒకటి గుర్తించుట వలన సగటున ఆరవవంతు మార్కు లాభము. సగము బొమ్మకు గూడ విలువ కలదన్న మాట.

బొమ్మ వేయుట ఈ ప్రశ్నలకు ఎంత ప్రాణమో తెలుపు సంగతి యొకటి అమెరికాలో జరిగినది. అచ్చటి న్యాయ కళాశాలల ప్రవేశ పరీక్షలో వరుస ప్రశ్నలకు దశాబ్దముల పాటు ప్రత్యేకముగా ఒక భాగమే యుండెను. చూపులేని అభ్యర్థులు తాము గీతలు గీసికొనజాలమనియు, ఈ భాగము తమకు అన్యాయము చేయుచున్నదనియు న్యాయస్థానమున కెక్కిరి. 2019లో రాజీ కుదిరినది. 2024 ఆగస్టు నుండి ఆ భాగమును పూర్తిగా తీసివేసిరి. మన గ్రామములలోను చూపులేని చదువరులు కలరు. వ్రాయుటకు లేఖకుని సహాయము, గంటకు 20 నిమిషముల చొప్పున అదనపు కాలము పొందు సదుపాయము వారికి కలదు. దరఖాస్తులోనే కోరవలెనని సభ్యులు వారికి తెలుపుట అవసరము.

ఇక పంచాయతీ చేయగలదేమి? ఖర్చుతో కూడిన పని కాదిది. 1960 నాటి గ్రంథాలయ చట్టము మేరకు ఇంటి పన్నుతో పాటు వసూలగు గ్రంథాలయ పన్ను మన గ్రామము నుండి ఎప్పటికప్పుడు జమ యగుచున్నదా యని చూచుట మొదటి పని. పఠన మందిరమున గాని, సాయంకాలము ఖాళీగా నుండు బడి గదిలో గాని ఒక నల్లబల్ల, సుద్దముక్కలు, ఒక గోడ గడియారము ఉన్నచో చాలును. రోజున కొక గుంపు చొప్పున, గడియారము చూచుకొని, బల్లపై ఒకరు వరుస గీయగా తక్కినవారు తప్పు పట్టవలెను. తాను ఏ షరతుతో మొదలుపెట్టెనో, ఎందులకు మొదలుపెట్టెనో పైకి చెప్పుట ముఖ్యము. పైకి చెప్పినచోటనే తప్పు దొరకును. మొదటి వారము కాలము లెక్కింప నక్కరలేదు, జవాబు సరిగా వచ్చిన చాలును. రెండవ వారము అయిదు నిమిషములు, ఆ పిమ్మట నాలుగు, ఆ పిమ్మట మూడు అని కుదించుకొని రావలెను. మొదటినాడే మూడు నిమిషముల హద్దు పెట్టి పిల్లలను బెదరగొట్టిన శిక్షణ తరగతులను చూచితిని. వారిలో సగము మంది రెండవ వారమునకు రాలేదు.

మొదటి సాయంకాలము నల్లబల్లపై వేయుటకు ఒక ప్రశ్న ఇచ్చుచున్నాను. ఒక కాలువ క్రింద వరి, చెరకు, మిరప, పసుపు, అరటి, కొబ్బరి అను ఆరు పొలములకు వంతుల వారీగా నీరు పెట్టుదురు. వరి వంతునకును అరటి వంతునకును నడుమ సరిగా మూడు వంతులు కలవు. చెరకు వెంటనే మిరప వంతు. కొబ్బరి వంతు వరి కంటె ముందు. వరి వెంటనే పసుపు. కొబ్బరికి రెండవ వంతు రాదు. అరటి వంతు చెరకు కంటె ముందు. వంతుల వరుస యేది?

మొదటి నాలుగు షరతులతో మూడు వరుసలు మిగులును. వాని కంటె ఎక్కువ వచ్చినచో ‘వెంటనే’ అను మాటను మరల చూచుకొనవలెను. చివరి రెండు షరతులు రెండు వరుసలను కొట్టివేయును. జవాబు: అరటి, చెరకు, మిరప, కొబ్బరి, వరి, పసుపు.